తీగ నాడి పట్టే పాత పెట్టెలు

తుక్కు బజారుకు చేరిన టెలిఫోన్ లైన్ పరీక్ష పరికరాల్లో ఏది కొనాలి, ఏది వదిలేయాలి? కొన్నదాన్ని ఎలా దారికి తెచ్చుకోవాలి?

తీగల ఇన్సులేషన్ కొలిచే, చేత్తో తిప్పే పాత మెగ్గర్ సెకండ్ హ్యాండ్ బజారులో కనిపిస్తే ముందు దాని ముల్లు చూడండి. అది సున్నా దగ్గర ఉండదు, ఆ చివరనున్న ఇన్ఫినిటీ గుర్తు దగ్గరా ఉండదు. ఎక్కడో మధ్యలో తేలుతూ, పెట్టెను ఎటు వంచితే అటు వాలుతుంటుంది. ‘ముల్లు పోయింది సార్, సామాన్ల కింద తీసుకోండి’ అంటాడు అమ్మేవాడు. కొనేవాడు తలూపి పక్క దుకాణానికి నడుస్తాడు. ఆ మెగ్గర్‌కు బహుశా ఏ జబ్బూ ఉండదు. మామూలు మీటర్లలో ముల్లును సున్నాకు లాగిపెట్టే సన్నని స్ప్రింగు ఉంటుంది. చేతి మెగ్గర్‌లో దాన్ని కావాలనే పెట్టరు. కోణంలో అమర్చిన రెండు కాయిళ్లు ఒకదానితో ఒకటి పోటీపడి ముల్లును ఒకచోట నిలబెడతాయి. పిడి తిప్పి కరెంటు పుట్టించేదాకా ఆ రెండూ నిద్రలోనే ఉంటాయి, ముల్లు దాని ఇష్టం వచ్చినచోట ఉంటుంది.

ఈ సంగతి తెలిసినవాడు తుక్కు ధరకు మంచి మెగ్గర్ ఇంటికి తెచ్చుకుంటాడు. తెలియనివాడు మంచిదాన్ని వదిలేసి, ముల్లు బుద్ధిగా సున్నా మీద నిలబడ్డ ఏదో ఒక బిగుసుకుపోయిన పెట్టెను కొంటాడు.

బజారుకు ఎలా వచ్చాయి

2006 ప్రాంతంలో మన దేశంలో ల్యాండ్‌లైన్లు సుమారు 5 కోట్లు. ఎక్స్ఛేంజిలో తీగలన్నీ చేరే ఎండీఎఫ్ చట్రం నుంచి వీధి మొదట్లోని పిల్లర్‌కు, పిల్లర్ నుంచి ఇళ్లకు జతలు పంచే డీపీ బాక్సుకు, అక్కడి నుంచి డ్రాప్ వైరుగా మన గుమ్మం దాకా, ప్రతి ఫోనుకూ ఒక జత రాగి తీగలు నడిచేవి. ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్కు, లైన్‌మన్ భుజాన సంచి ఆ తీగల కోసమే. తరవాత మొబైల్ ఇంటింటికీ పాకింది, రాగి ఉన్నచోటికి ఫైబర్ వచ్చింది. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ఒక్కరోజే ఇంటిదారి పట్టారు. పనికిరాని సామాను లాట్లుగా ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలానికి వెళుతుంది. లాటు పాడుకున్నవాడి కన్ను రాగి మీద, ఇత్తడి మీద. మధ్యలో తగిలే మీటర్లు చేతులు మారి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో తేలే వీలుంది. విడి భాగాలకైతే కోఠి గుజరాతీ గల్లీ ఎలాగూ ఉంది.

పెట్టె వస్తుంది. మాన్యువల్ రాదు, దాన్ని వాడిన చెయ్యి అసలే రాదు. అందుకే కొన్నవాడు లైను దగ్గరికి పరుగెత్తకుండా ముందు పెట్టెకే పరీక్ష పెట్టాలి. జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్న దాన్ని అడగాలి. దానికి సరిగ్గా చెప్పిన తరవాతే, మనకు తెలియనిదాన్ని గురించి అది ఏం చెప్పినా వినాలి. ఈ కథనంలో ప్రతి పరికరం దగ్గరా మళ్లీ మళ్లీ చేసేది ఇదే.

అన్నిటికంటే ముందు వోల్టేజి

టెలిఫోన్ తీగకూ మల్టీమీటర్‌కూ పాత చుట్టరికం ఉంది. బ్రిటిష్ పోస్టాఫీసులో ఇంజినీరు డొనాల్డ్ మెకాడీ లైన్ల మరమ్మతుకు ఆంపియర్లకు ఒకటి, వోల్టులకు ఒకటి, ఓంలకు ఒకటి మీటర్లు మోసుకు తిరగలేక మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. అది 1923లో ఏవోమీటర్ పేరుతో బజారుకొచ్చింది. దాని వంశంలోని మోడల్ 8 ఇప్పటికీ పాత వర్క్‌షాపుల్లో కనిపిస్తుంది. నాసిక్ మోత్వానే వారి ముల్లు మీటర్లు మన దగ్గర ఇంకా సులువుగా దొరుకుతాయి. మోడల్ 8 దొరికి, ఏ రేంజిలోనూ ముల్లు కదలకపోతే మీటరు కాలిపోయిందని అనుకోకండి. ముందు పైనున్న కటౌట్ బటన్‌ను లోపలికి నొక్కండి. ఎక్కువ ఓంల రేంజి ఒక్కటే మూగబోయి మిగతావి పలుకుతుంటే, లోపలి 15 వోల్టుల చిన్న బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది ఇప్పుడు ఏ దుకాణంలో పడితే ఆ దుకాణంలో దొరకదు. కావలసిన కొలత ఆ ఎక్కువ ఓంల రేంజిలోనే ఉంటే మామూలు డిజిటల్ మీటరుతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

రాగి లైను మీద చూడాల్సిన అంకెలు నాలుగైదే. రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు రెండు తీగల మధ్య 48 నుంచి 52 వోల్టుల డీసీ ఉంటుంది. అందులో ఒక తీగ భూమికి మైనస్‌లో, రెండోది దాదాపు భూమి స్థాయిలోనే. మైనస్ ఎందుకంటే, తడి నేలలో ప్లస్ వైపు ఉన్న రాగి కరిగి తినేయబడుతుంది, మైనస్ వైపు ఉన్నది నిలుస్తుంది. రిసీవర్ ఎత్తగానే ఆ వోల్టేజి పడిపోయి 6 నుంచి 12 మధ్యకు వస్తుంది, తీగలో 20 నుంచి 40 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. గంట మోగేటప్పుడు మన దేశంలో సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది, సెకనుకు 25 సార్లు ఊగుతూ. డీసీ చూసి ధైర్యంగా తీగ పట్టుకున్నవాడికి అదే క్షణంలో ఎవరో ఫోన్ చేస్తే మాత్రం బాగా గుర్తుండిపోతుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. స్తంభాల మీద ఫోను తీగా కరెంటు తీగా కలిసి నడిచే వీధుల్లో ఎక్కడ ఏది దేన్ని ఒరుసుకుంటోందో తెలియదు. అందుకని ఏ పరికరం తగిలించే ముందైనా మీటరును ఏసీ ఎక్కువ రేంజిలో పెట్టి, ఒక్కో తీగకూ భూమికీ మధ్య చూడాలి. ఉరుములున్న రోజున అదీ వద్దు. పెట్టె మూసి ఇంట్లో కూర్చోవాలి.

చెవికి ఆనించే పరికరం

లైన్‌మన్ నడుముకు వేలాడే టెస్ట్ ఫోనే ఈ కుటుంబంలో అందరికీ తెలిసిన ముఖం. రెండు క్లిప్పులు, ఒక డయల్ లేదా బటన్లు, ఒక స్విచ్చి. స్విచ్చి ‘మానిటర్’ వైపు ఉంటే ఫోను లైనును ఎత్తదు, పక్కన నిలబడి వింటుంది. ‘టాక్’ వైపు తిప్పితే మామూలు ఫోనులా లైను పట్టుకుంటుంది. డీపీ బాక్సులో ఏ తీగకు క్లిప్పు పెట్టినా మొదట మానిటర్‌లోనే ఉండాలన్నది పాత క్రమశిక్షణ. అవతల మాట్లాడుతున్నవాళ్ల మధ్యలో డబ్బుమని దూరకూడదని ఒకటి, డేటా పారుతున్న బ్రాడ్‌బ్యాండ్ లైనును తెంచకూడదని ఇంకొకటి. పాత రోజుల టెస్ట్ ఫోన్లు చాలావాటికి ఈ డేటా మర్యాద తెలియదు. వాటిని బ్రాడ్‌బ్యాండ్ ఉన్న లైనుకు దూరంగా ఉంచడమే మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న టెస్ట్ ఫోను పలకకపోతే పది చోట్ల వెతకనక్కర్లేదు. చాలాసార్లు దోషం తాడులోనే ఉంటుంది, అదీ తాడు ఫోనులోకి దూరే మెడ దగ్గర. ఏళ్ల తరబడి వేలాడి, మెలిపడి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల తీగ పుటుక్కుమని ఉంటుంది. మల్టీమీటర్ కంటిన్యూటీలో పెట్టి తాడును మెడ దగ్గర వంచుతూ చూస్తే దొంగ దొరుకుతాడు. రెండో అనుమానం క్లిప్పు పళ్ల మీద పట్టిన పచ్చని చిలుము.

పాత కార్బన్ మైకు ఉన్న ఫోనైతే అందులోని బొగ్గు పలుకులు గడ్డకట్టి ఉండొచ్చు. మాట సన్నగా, గరగరమంటూ వినిపిస్తే ఫోనును అరచేతికి రెండు మూడు సార్లు తట్టాలి. ఇది నాటు వైద్యంలా కనిపించినా దాని వెనక లెక్క ఉంది: పలుకులు విడివడితేనే గొంతు ఒత్తిడికి వాటి నిరోధం మారుతుంది. డయల్ చక్రం ఉంటే సున్నా తిప్పి వదలండి. సెకనుకు పది పల్సుల లెక్కన అది వెనక్కి రావడానికి సుమారు ఒక సెకను పట్టాలి. రెండు సెకన్లు ఈదుకుంటూ వస్తే లోపలి గ్రీజు ముదిరిపోయింది. గ్రీజు తుడిచి ఒక్క చుక్క పలుచని నూనె వేస్తే చాలు. కాంటాక్టులకు మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంలో ముంచిన కాగితం ముక్క వాడాలి, గరుకు కాగితం మాత్రం ముట్టించకూడదు.

ఇదంతా చూడటానికి లైను కావాలి కదా, ఇంట్లో ల్యాండ్‌లైన్ లేదే అంటారా? 24 వోల్టుల డీసీ, 680 ఓంల 1 వాట్ రెసిస్టర్ ఒకటి వరసగా కలిపితే లైను మీ బల్ల మీదే తయారవుతుంది. ఫోను మీద ఆరేడు వోల్టులు పోగా సుమారు 26 మిల్లీ ఆంపియర్లు పారతాయి. మైకులో ఊదితే మీ ఊపిరి మీ చెవిలోనే వినిపించాలి. అడాప్టర్ బదులు రెండు 12 వోల్టుల బ్యాటరీలు పెడితే గుయ్‌మనే మోత ఉండదు. దీనికి ఇంకో ఫోను పక్కన కలిపితే రెండు గదుల మధ్య మాట్లాడుకోవచ్చు కూడా. గంట మోగదు, డయల్ టోన్ రాదు, అంతే. ఫైబర్ కనెక్షన్ పెట్టె వెనక ఉండే ఫోను సాకెట్‌నూ వాడొచ్చు గానీ, అలాంటి పెట్టెలు చాలావాటికి డయల్ చక్రం పల్సుల భాష అర్థం కాదు. బటన్ల ఫోను పనిచేసి చక్రం ఫోను నంబరు కలపకపోతే తప్పు మీ ఫోనుది కాకపోవచ్చు.

కట్టలో ఒక తీగ

టోన్ జనరేటర్, ప్రోబ్ జంట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక చివర తీగకు కీచుమనే స్వరం ఎక్కిస్తారు, మరో చివర కట్టలో ప్రోబ్ మొన ఆనిస్తూ ఆ స్వరం ఎక్కడ గట్టిగా వినిపిస్తే అదే మన జత అంటారు. పేచీ ఏమిటంటే, స్వరం పక్క జతల్లోకీ పాకుతుంది. గట్టిగా వినిపించాలంటే స్వరాన్ని ఒక తీగకూ భూమికీ మధ్య ఎక్కించాలి, దగ్గరికొచ్చాక జతలోని రెండు తీగల మధ్యకు మార్చాలి. దొరికిందనుకున్న జత కొసలు రెండూ ఒక్క క్షణం కలిపి పట్టుకోండి. ప్రోబ్‌లో స్వరం చచ్చిపోతే అదే. ఆగకపోతే మీరు పట్టుకున్నది పొరుగువాడిని.

ఈ జంటలో పాడయ్యేవి చాలావరకు బ్యాటరీ చుట్టూనే. 9 వోల్టుల బ్యాటరీ లోపల మరిచిపోయి కారి, స్నాప్ కనెక్టర్ తుప్పు పట్టి ఉంటుంది. కారింది ఏ రకం సెల్లో చూసి శుభ్రం చేయాలి: ఆల్కలైన్ అయితే వెనిగర్ లేదా నిమ్మరసం చుక్కతో, మామూలు జింక్-కార్బన్ సెల్ అయితే వంటసోడా నీళ్లతో. ఆ తరవాత ఐపీఏతో తుడిచి ఆరబెట్టాలి.

మెగ్గర్‌ను మాట్లాడించడం

సిడ్నీ ఎవర్షెడ్ తన ఇన్సులేషన్ పరీక్ష యంత్రాన్ని 1889లో తెచ్చాడు. మెగ్గర్ అన్న పేరు 1903లో రిజిస్టర్ అయింది. ఇన్సులేషన్ కొలిచే ఏ పెట్టెనైనా మనవాళ్లు మెగ్గర్ అనే అంటారు.

దీన్ని అడగాల్సిన తెలిసిన ప్రశ్నలు రెండు. వైర్లు దేనికీ తగలకుండా గాలిలో ఉంచి పిడి తిప్పండి: ముల్లు ఇన్ఫినిటీకి వెళ్లాలి. వైర్ల కొసలు కలిపి నెమ్మదిగా తిప్పండి: సున్నాకు రావాలి. గాలిలో ఉంచినా ఇన్ఫినిటీ చేరకపోతే వెంటనే పెట్టె విప్పకండి, ముందు వైర్లు పీకేసి టెర్మినళ్లు మాత్రమే ఉంచి తిప్పండి. అప్పుడు చేరితే దోషం వైర్లది. అప్పుడూ చేరకపోతే టెర్మినళ్ల మధ్య బేకలైట్ మీద చెమ్మ, ధూళి పేరుకున్నాయి. కోనసీమలాంటి చోట వానాకాలంలో మంచి మెగ్గర్ కూడా ఈ తడికి అబద్ధం చెబుతుంది. ఐపీఏతో తుడిచి ఒక పూట ఎండ తగలనిస్తే చాలావరకు దారికొస్తుంది. చాలా మోడళ్లలో పిడి నిమిషానికి 160 చుట్ల దగ్గరికి రాగానే లోపలి క్లచ్ జారి వేగాన్ని అక్కడే ఆపుతుంది. అది చేతికి తెలుస్తుంది. ఎంత గట్టిగా తిప్పినా ఆ జారుడు తగలకపోతే క్లచ్ పట్టేసిందని అర్థం. అప్పుడు 500 వోల్టుల పెట్టె అంతకంటే ఎక్కువే పుట్టించవచ్చు.

ఇక వాడకం. 500 వోల్టులు తీగ మీదకు పంపుతున్నామని మరిచిపోకూడదు. అటు ఎక్స్ఛేంజి కార్డు, ఇటు ఫోను, రెండూ విప్పిన తరవాతే పిడి ముట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ ఫోను ఉన్న లైనుకు మెగ్గర్ పెట్టడమంటే దాన్ని చేజేతులా కాల్చడమే. పరీక్ష అయ్యాక కేబుల్‌లో మిగిలిన ఛార్జి పోయేదాకా కొసలు కలిపి పట్టాలి. లేకపోతే తరవాత తీగ ముట్టుకున్నవాడు మనల్ని తిట్టుకుంటాడు.

దూరం చెప్పే తక్కెడ

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పెట్టె దగ్గరికొద్దాం. బ్రిడ్జి మెగ్గర్ అనండి, వీట్‌స్టన్ బ్రిడ్జి అనండి, ఒక గాల్వనోమీటర్, నాలుగైదు తిరుగుడు స్విచ్చులు ఉన్న చెక్క పెట్టె. పేరు వీట్‌స్టన్‌దే అయినా ఈ అమరికను మొదట 1833లో చెప్పింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. 1843లో చార్లెస్ వీట్‌స్టన్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆయన టెలిగ్రాఫ్ మనిషి కూడా కావడంతో ఇది తీగల వైద్యంలోకి సులువుగా దిగింది.

లైన్ మనుషుల లెక్కలో దోషాలు నాలుగు రకాలు. తీగ తెగితే డిస్. జతలోని రెండూ కలిస్తే లూప్. భూమికి తగిలితే ఎర్త్. పక్క జతకు తగిలితే కాంటాక్ట్. దోషం ఉందని చెప్పడం మెగ్గర్ పని. అది ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెప్పడం బ్రిడ్జి పని. రోడ్డు తవ్వేవాడికి కావలసింది ఈ రెండోదే.

ఎర్త్ దోషానికి వాడే ముర్రే లూప్ పరీక్ష చూడండి. పిల్లర్ నుంచి డీపీ దాకా 1,200 మీటర్ల కేబుల్ అనుకుందాం. దోషమున్న తీగను డీపీ దగ్గర ఒక మంచి తీగతో గట్టిగా కలపాలి. ఇప్పుడు పిల్లర్ దగ్గర నిలబడ్డవాడికి వెళ్లి వచ్చే దారి మొత్తం 2,400 మీటర్లు. బ్రిడ్జిలో ఒక చేతిని, అంటే నిరోధాల వరసను, 1,000 ఓంల మీద ఉంచి, దోషమున్న తీగవైపు చేతిని తిప్పుతూ పోతే 250 దగ్గర ముల్లు మధ్యకు వచ్చి నిలిచిందనుకోండి. 2,400ను 250తో గుణించి, రెండు చేతుల మొత్తం 1,250తో భాగిస్తే 480. పిల్లర్ నుంచి 480 మీటర్ల దగ్గర తవ్వండి.

ఈ పద్ధతిలోని అందమంతా అది దేన్ని పట్టించుకోదో అందులో ఉంది. దోషం దగ్గర తీగకూ మట్టికీ మధ్య నిరోధం వంద ఓంలా, లక్ష ఓంలా అన్నది లెక్కలోకే రాదు, ఎందుకంటే అది భూమి గుండా వెళ్లే బ్యాటరీ దారిలో కూర్చుంటుంది గానీ తూకం పళ్లాల్లో కాదు. నిరోధం ఎక్కువైతే ముల్లు మందకొడిగా కదులుతుంది, తూకం మాత్రం మారదు. ఎండ కూడా అంతే. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర అచ్చువేసిన పట్టిక పట్టుకుని, ఎండకు 45 డిగ్రీలు కాగిన స్తంభాల కేబుల్‌ను ఉత్త ఓమ్ మీటరుతో కొలిస్తే దాదాపు 10 శాతం తప్పు వస్తుంది. కిలోమీటరుకు వంద మీటర్లు. ముర్రే లూప్ నిష్పత్తిని చూస్తుంది కాబట్టి, కేబుల్ అంతా ఒకేలా వేడెక్కితే ఆ తప్పు రద్దైపోతుంది. రామగుండం ఎండలో పనిచేసేవాడికి ఇది చిన్న వరం కాదు.

కానీ ఇది రెండు విషయాలను క్షమించదు. ఒకటి క్లిప్పు వైర్ల నిరోధం. 0.5 మి.మీ. రాగి తీగ ఒక్కటి కిలోమీటరుకు సుమారు 88 ఓంలు. ఆ లెక్కన ఒక ఓం అంటే 11 మీటర్లు. చిలుము పట్టిన క్లిప్పు దోషపు తీగవైపు ఒక్క ఓం కలిపితే గుంత పది మీటర్లు పక్కకు జరుగుతుంది. తారు రోడ్డు మీద పది మీటర్ల తప్పంటే మునిసిపాలిటీ మనిషితో గొడవే. రెండోది, మనం మంచిదనుకున్న తీగ నిజంగా మంచిదై ఉండాలి. దానికి ముందే మెగ్గర్ పెట్టి చూసుకోకపోతే బ్రిడ్జి ఎంతో ధీమాగా తప్పు చోటు చూపిస్తుంది.

కొనేటప్పుడు గాల్వనోమీటర్ తాళం చూడండి. రవాణాలో ముల్లు ఊగకుండా బిగించే చిన్న క్లాంప్ అది. తాళం వేయకుండా బండి మీద వేసుకొచ్చిన పెట్టెలో ముల్లును వేలాడదీసే సన్నని తీగ తెగి ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని బాగు చేయడం మామూలు మెకానిక్ వల్ల కాదు. తాళం తీసి పెట్టెను మెల్లగా ఊపితే ముల్లు స్వేచ్ఛగా ఊగి మధ్యకు రావాలి. అలా రాకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. స్విచ్చుల గరుకుతనం మాత్రం జబ్బు కాదు, వాడక పట్టిన మసి. ఒక్కోదాన్ని ఇరవై సార్లు ఇటూ అటూ తిప్పితే చాలావరకు పోతుంది. ఆ తరవాత 1 శాతం కచ్చితత్వమున్న 100 ఓంల, 1,000 ఓంల రెసిస్టర్లు బ్రిడ్జికి తగిలించి చదవండి. అవి సరిగ్గా వస్తే పెట్టె నమ్మదగ్గదే. ఇంకా నిక్కమైన లెక్క, చేతికి సర్టిఫికెట్ కావాలంటే హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర కేంద్ర ప్రభుత్వ పరీక్ష కేంద్రం ఈటీడీసీ ఉంది. చెక్క పెట్టెకు అంత ఖర్చు అవసరమా అన్నది మీ వాడకాన్ని బట్టి.

తెగిన తీగకు చవక మందు

డిస్ దోషానికి ముర్రే లూప్ పనికిరాదు, తెగిన తీగలో కరెంటు పారదు కదా. కానీ జత తీగల మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది, అది పొడవును బట్టి పెరుగుతుంది. మామూలు టెలిఫోన్ కేబుల్‌లో కిలోమీటరుకు సుమారు 50 నానోఫారడ్లు. కెపాసిటెన్స్ రేంజి ఉన్న చవక డిజిటల్ మీటరు చాలు. అదే కేబుల్‌లోని 1,200 మీటర్ల మంచి జత 60 చూపించి, తెగిన జత 35 చూపిస్తే తెగిన చోటు 700 మీటర్ల దగ్గర. ఇక్కడా పట్టికను కాకుండా పక్క జతనే కొలబద్దగా వాడుతున్నామని గమనించండి. తెగలేదని తెలిసిన జతే మన తెలిసిన ప్రశ్న.

మీటరు ఉన్నట్టుండి వెయ్యి నానోఫారడ్ల లెక్కలో మాట్లాడితే భయపడకండి. అవతలి కొసన ఫోను విప్పడం మరిచిపోయారు, దాని గంటలోని కెపాసిటర్ పలుకుతోంది. పాత లైన్‌మన్లు దీన్నే తమకు అనుకూలంగా వాడుకునేవారు. ముల్లు మీటరును ఓంలలో పెట్టి తీగలు తారుమారు చేస్తే ముల్లు ఒక్కసారి ఎగిరి పడుతుంది. దాన్ని కిక్ అంటారు. కిక్ బలంగా ఉంటే ఫోను దాకా తీగ బాగుంది. బలహీనంగా ఉంటే దారిలోనే ఎక్కడో తెగింది. డిజిటల్ మీటరులో ఈ ఎగురు కంటికి ఆనదు. ముల్లు మీటరును ఇంట్లో ఉంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

టీడీఆర్ మోజు

తీగలోకి ఒక పల్సు పంపి, దాని ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి దూరం చెప్పే టీడీఆర్ అంటే కొత్తగా ఈ దారి పట్టినవాళ్లకు మహా మోజు. తెర మీద గీత ఎగిరితే తెగింది, దిగితే కలిసిపోయింది. చూడటానికి బాగుంటుంది. నా మాట వినేవాళ్లెవరైనా ఉంటే మాత్రం మొదట కొనాల్సింది ఇది కాదు.

పల్సు వేగం తీగ చుట్టూ ఉన్న ఇన్సులేషన్‌ను బట్టి మారుతుంది. టెలిఫోన్ కేబుళ్లలో అది కాంతి వేగంలో 0.6 నుంచి 0.7 వంతు మధ్య. పెట్టెలో ఆ అంకె తప్పుగా పెడితే దూరమూ అంతే నిష్పత్తిలో తప్పుతుంది. మళ్లీ అదే మంత్రం: పొడవు తెలిసిన ముక్కను కొలిచి, తెర మీద ఆ పొడవు వచ్చేదాకా అంకె సవరించాలి. ఇంకో చిక్కు, లైనులో ఎవరో పాత కనెక్షన్ కోసం వదిలేసిన కొమ్మ తీగ కూడా తెర మీద దోషంలాగే కనిపిస్తుంది. దూరపు లైన్లలో దారి మధ్యలో పెట్టే లోడింగ్ కాయిళ్లు పల్సును ఆపేసి అక్కడే తీగ తెగినట్టు చూపిస్తాయి.

పాతవాటిలో టెక్ట్రానిక్స్ 1502, 1503 పేరున్నవి. రెండూ పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ స్వభావం వేరు. 1502లో పల్సు పుట్టించే టన్నెల్ డయోడ్ చాలా సున్నితం, తీగలో మిగిలిన ఛార్జికో చేతి స్టాటిక్‌కో చచ్చిపోతుంది. ఆ డయోడ్ ఇప్పుడు దొరకడం కష్టం. టెలిఫోన్ జతలకు సరిపడేది 1503. రెంటిలోనూ నికెల్-కాడ్మియం బ్యాటరీలు ఈపాటికి పోయే ఉంటాయి. అది మార్చుకోదగ్గ లోపమే, ధర తగ్గించడానికి మంచి సాకు కూడా. లోపల తెర గొట్టానికి ఎక్కువ వోల్టేజి ఉంటుంది కాబట్టి, అలవాటు లేనివాళ్లు మూత విప్పకూడదు.

ఇవన్నీ ఇప్పుడెందుకు

ఇంటింటికీ ఫైబర్ వచ్చాక రాగికి పరీక్షలెందుకనే ప్రశ్న సహజం. ఫైబర్ ఇంటి గుమ్మం దాకా వచ్చింది నిజమే. గుమ్మం లోపల కథ వేరు. లాడ్జిలు, ఆస్పత్రులు, అపార్టుమెంట్లలో సొంత ఎక్స్ఛేంజి (ఈపీఏబీఎక్స్) పెట్టెల నుంచి ప్రతి గదికీ రాగి జతలే నడుస్తున్నాయి. లిఫ్టు ఇంటర్‌కామ్, ఫైర్ అలారం, గేటు దగ్గరి డోర్‌ఫోన్, అన్నీ జత తీగలే. రైలు పట్టాల వెంట 0.9 మి.మీ. తీగలున్న 6 క్వాడ్ కేబుల్ ఉంటుంది, దానికి మెగ్గర్‌తో ఇప్పటికీ పని ఉంది. ల్యాన్ వైర్ల కట్టలో ఒకటి వెతకాలన్నా ఆ పాత టోన్ ప్రోబే. హైదరాబాద్‌లో 1983 నుంచి నడుస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలాంటి చోట్ల తిరిగే హామ్ రేడియో అభిమానులకైతే ఇలాంటి పెట్టెలు ఎప్పుడూ పనికొచ్చేవే.

ఒక్క హెచ్చరిక. టెస్ట్ ఫోను చేతిలో ఉంది కదా అని వీధిలో డీపీ బాక్సు తెరిచి ఇతరుల లైనుకు క్లిప్పు పెట్టడం నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా సంభాషణ వినడానికి మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సరదాలన్నీ మీ సొంత తీగ మీదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా వరస ఇది: ముందు ఒక ముల్లు మీటరు, కెపాసిటెన్స్ చూపే డిజిటల్ మీటరు. తరవాత టెస్ట్ ఫోను. ఆపైన మెగ్గర్. చేయి తిరిగాక బ్రిడ్జి. టీడీఆర్ ఎవరైనా ఉచితంగా ఇస్తే తీసుకోండి.

కొన్నాక ఇంకో పని. మీ వీధిలోనో, చుట్టాల్లోనో తంతి తపాలా శాఖలో గానీ బీఎస్ఎన్ఎల్‌లో గానీ జాయింటర్‌గా, లైన్‌మన్‌గా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరుంటారు. ఆ పెట్టె తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి. ఆయన చెప్పే విధానాన్ని ఫోనులో రికార్డు చేసి, ఆయన చేతే ఒక కాగితం మీద రాయించి పెట్టె మూతలో అతికించండి. ఎలాగూ మాన్యువల్ లేదు కదా.